నిమ్మకాయలు లేని బండి

అమావాస్య వచ్చిందంటే మా సెల్లారులో నాకు పొద్దున్నే పని ఎక్కువ. గోపన్‌పల్లిలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ అది. నా భర్త అక్కడ వాచ్‌మన్. లిఫ్టు పక్కన మాకొక గది ఇచ్చారు. ఆయన గేటు చూసుకునేవాడు, తెల్లవారగానే కార్లు తుడిచేవాడు. నేను మెట్లు ఊడ్చేదాన్ని, పై ఇళ్ళలో వంట చేసేదాన్ని. అమావాస్య నాడు మాత్రం ప్రతి కారుకూ పాత నిమ్మకాయలు విప్పేసి కొత్తవి కట్టాలి. అది నా పనని ఎవరూ చెప్పలేదు. మొదట ఒకరు అడిగారు, తర్వాత ఇంకొకరు అడిగారు, ఆ తర్వాత అడగడం మానేసి ఎందుకు కట్టలేదని అనడం మొదలుపెట్టారు. ముందురోజు సాయంత్రమే నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు కవర్లలో కిందికి దిగేవి. నేను దబ్బనంతో నల్లదారానికి గుచ్చి, ఒక్కో దానికి ఒక్కో బొగ్గు ముక్క కలిపి పెట్టుకునేదాన్ని. "మాది పెద్ద కారు, పెద్ద కాయలు కట్టమ్మా" అని చెప్పి మరీ పంపేవాళ్ళు కొందరు.

మూడో అంతస్తులో ఒక మేడం, సారు ఉండేవారు. కోస్తా వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఆమెకు హైటెక్ సిటీలో ఉద్యోగం. ఆయన ప్రభుత్వాఫీసులో అధికారి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ప్రెసిడెంటు. అంటే మా గది తాళం ఆయన చేతిలో ఉన్నట్టే. వాళ్ళింట్లో నేనే వంట చేసేదాన్ని. మేడం నన్ను అక్కా అని పిలిచేది.

వాళ్ళు కొత్త కారు తెచ్చిన రోజు మేడం నన్ను చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళింది.

"దీనికి క్లచ్ ఉండదక్కా. గేర్లు అదే వేసుకుంటుంది. ఎంత స్పీడు కావాలో చెప్పేస్తే చాలు, కాలు తీసేసినా అంతే స్పీడులో పోతుంది. ఎదురుగా మనిషి వస్తే దానంతట అదే బ్రేకు వేసుకుంటుంది."

"మరి మీరేం జేస్తరు మేడం లోపల కూసొని?" అన్నాను.

ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ మాట పైకెళ్ళి సారుకు కూడా చెప్పింది.

అప్పుడే నిమ్మకాయలు ఎక్కడ కట్టాలో చూపించింది. "కింద కడితే నంబరు ప్లేటు మీద వేలాడుతుంది. ట్రాఫిక్ వాళ్ళు ఫోటో తీసి చలానా పంపిస్తారు. ఇదిగో ఇక్కడ కట్టు, దారం పొట్టిగా ఉంచు" అంది. వంగి వేలుతో చూపించింది. బండి ముందు జాలీ మధ్యలో అరచేయంత నల్ల పలక ఒకటి ఉంది, ఫోను అద్దంలా నున్నగా మెరుస్తూ. దాని మీద పడేలా కట్టమంది. పసుపు, కుంకుమ తనే పెట్టింది. ఆ వేలి గోరుకున్న రంగు కూడా నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. లేత గులాబీ.

మా సెల్లారు నుంచి రోడ్డుకు ఎక్కే దారి బాగా ఏటవాలు. గేటు రెక్క తెరిచి వదిలేస్తే మళ్ళీ దానంతట అదే మూసుకుపోయేది. కట్టినప్పుడే వంకరగా పెట్టారు, ఎవరూ సరిచేయించలేదు. వాచ్‌మన్ ఉన్నాడు కదా పట్టుకోవడానికి. కింద హారన్ వినపడగానే ఆయన రెక్క తెరిచి, దాన్ని వీపుతో గోడకు ఆనించి నిలబడేవాడు. కారు తన ముందు నుంచి వెళ్తుంటే చెయ్యెత్తి సలాం కొట్టేవాడు.

ఆ రోజు కూడా అలాగే నిలబడ్డాడు. ఆఫీసులకు పోయే వేళ. నేను కరెంటు మీటర్ల దగ్గర ఊడుస్తున్నాను. మేడం కారు నెమ్మదిగానే ఎక్కింది. పైకి చేరాక ఒక్కసారి గుర్రుమంది. గేటు లోంచి రోడ్డు వైపు తిరగాల్సిన బండి తిన్నగా ఆయన మీదికి ఉరికింది. గేటు రెక్కకూ బండికీ మధ్య ఆయన ఇరుక్కున్నాడు. చెయ్యి అప్పటికే సలాం కోసం లేచి ఉంది.

ఇంజను ఇంకా అరుస్తూనే ఉంది. మేడం లోపల ఏదో బటన్ నొక్కుతూ నొక్కుతూ చివరికి ఆపింది. తలుపు తీసుకుని దిగి, ఆయన వైపు కాదు, పరుగెత్తుకొస్తున్న నా వైపు తిరిగి, "నేను బ్రేకే తొక్కాను" అంది. తర్వాత రెండో అంతస్తు వాళ్ళు వచ్చారు. వాళ్ళకూ అదే చెప్పింది. నా భర్త అప్పటికి అరవడం మానేసి సన్నగా మూలుగుతున్నాడు.

బండిని వెనక్కి తీయాలి. ఎవరూ లోపల కూర్చోవడానికి ముందుకు రాలేదు. మళ్ళీ ముందుకే ఉరికితే ఎవరిది పూచీ అన్నారు. ఇంతలో సారు లిఫ్టులోంచి వచ్చాడు, తల ఇంకా తడిగానే ఉంది.

"ఎవరూ కదపకండి. ముందు ఫోటోలు తీయాలి. ఇన్సూరెన్సు వాళ్ళు అడుగుతారు."

"సారూ, మనిషి ఉన్నడు సారూ లోపట!" అన్నాను.

"కనిపిస్తోందమ్మా. ఒక్క నిమిషం. పక్కకి జరుగు, నీ నీడ పడుతోంది."

కుడివైపు నుంచి తీశాడు, ఎడమవైపు నుంచి తీశాడు. మోకాళ్ళ మీద కూర్చుని కింది నుంచి కూడా తీశాడు. వెనక కార్లు వరుసగా ఆగాయి. నాలుగో అంతస్తు అబ్బాయి మెడలో ఆఫీసు పట్టీ వేసుకుని దిగి వచ్చి, తొంగి చూసి, "ఇంకా ఎంతసేపు పడుతుందండీ? నాకు స్టాండప్ మీటింగ్ ఉంది" అన్నాడు. నా భర్త ఆ మాట విన్నాడు. తర్వాత దవాఖానలో, మత్తు దిగుతుండగా, ఆయన నన్ను అడిగిన మొదటి సంగతి అదే. "ఆ పిలగాని మీటింగు అయ్యిందా?"

చివరికి పక్కన కడుతున్న బిల్డింగు కూలీలు వచ్చి బండిని వెనక్కి నెట్టారు. మోకాలి కింద ఎముక నుజ్జయింది. రాడ్లు వేశారు. దవాఖాన సంగతి తనే చూసుకుంటానని సారు అన్నాడు. పోలీసు కేసు ఎందుకని కూడా అన్నాడు. నా భర్త మంచం మీద పడుకుని తలూపాడు.

ఆయన ఇంకా దవాఖానలో ఉండగానే కార్ల కంపెనీ సర్వీసు మనిషి సెల్లారుకు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో పలకలాంటి కంప్యూటరు. వైరు తగిలించి చాలాసేపు చూశాడు. మేడం, సారు పక్కనే నిలబడ్డారు. వాళ్ళకు టీ తీసుకురమ్మంటే తెచ్చి నేనూ అక్కడే ఉన్నాను.

"బండిలో ఏ లోపం లేదు మేడం. యాక్సిలరేటర్ తొక్కినట్టే రికార్డయింది" అన్నాడు.

"నేను తొక్కలేదండీ. ఎన్నిసార్లు చెప్పాలి? బ్రేకు మీదే ఉంది నా కాలు."

"కంగారులో అలా అనిపిస్తుంది మేడం. లేడీస్‌కి మామూలే. ఆ రోజు హీల్స్ వేసుకున్నారా?"

మేడం మొహం ఎర్రబడింది. అప్పుడు ఆదుకోవాల్సిన మనిషి ఆదుకోలేదు. సారు టీ చప్పరించి, "నేను చెప్తూనే ఉన్నానండీ, మామూలు గేర్ల బండి తీసుకుందామని. స్కూటీ మీద కూడా ఈవిడ గోడలకే గుద్దేది" అన్నాడు. సర్వీసు మనిషి మర్యాదగా నవ్వాడు. సారు ఇంకా గట్టిగా నవ్వాడు.

"సరే, నేనే తొక్కాను అనుకోండి" అంది మేడం. "ఎదురుగా మనిషి ఉంటే దానంతట అదే ఆగుతుందని అమ్మేటప్పుడు చెప్పారు కదా? ఎందుకు ఆగలేదు?"

అతను బండి ముందుకు వెళ్ళి గొంతు కూర్చున్నాడు. నేను కట్టిన నిమ్మకాయలు అక్కడే వేలాడుతున్నాయి, ఒకటి చితికి. పసుపు ఎండి పొలుసులు కట్టి ఉంది. వేలితో వాటిని పక్కకు జరిపాడు.

"ఇదేంటి మేడం? బండికి కన్ను ఇదే. ఈ పలక లోంచే ఎదురుగా ఏముందో చూస్తుంది. దీని మీద నిమ్మకాయలు కట్టేసి ఆగలేదంటే ఎలా? కంపెనీ వాళ్ళు ఈ ఫోటో చూస్తే ఇంకేమీ వినరు."

తనూ ఫోటో తీసుకున్నాడు.

మేడం కాసేపు ఆ నిమ్మకాయలనే చూసింది. సారు ఆమెను చూశాడు. ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపు వస్తూ వస్తూ ఉండగానే నాకు అర్థమైంది.

"అక్కా, ఇక్కడ కట్టమని నీకు ఎవరు చెప్పారు?"

"మీరే సూపిచ్చిండ్రు కద మేడం. నంబరు ప్లేటుకు అడ్డమొస్తదని..."

"నేనా? నేనెప్పుడు చెప్పాను?"

"కొత్త బండి తెచ్చిన నాడు. వంగి, ఏలుతోటి..."

"ఎదురు మాట్లాడకు" అన్నాడు సారు. "చదువు లేకపోతే లేకపోయింది, అడిగి చేయాలన్న బుద్ధైనా ఉండాలి కదా."

వాళ్ళాయన ముందు చాలాసేపటి తర్వాత మేడం భుజాలు కొంచెం కిందికి దిగాయి. టీ గ్లాసు అందుకుంది.

ఆ సాయంత్రానికి అపార్ట్‌మెంటంతా తెలిసిపోయింది. వాచ్‌మన్ కాలును విరగ్గొట్టింది వాచ్‌మన్ పెళ్ళామే. లిఫ్టులో ఎదురైన వాళ్ళు నన్ను జాలిగా చూసేవాళ్ళు, తలుపు మూసుకోగానే నవ్వు వినపడేది. "మా కారు జోలికి రాకమ్మా తల్లీ, మాకు కాళ్ళతో పనుంది" అంది రెండో అంతస్తు ఆమె. లిఫ్టు పక్కన ఒక బోర్డు పెట్టారు. నాకు అప్పటికి అక్షరాలు రావు. ఆ రెండో అంతస్తు ఆమే నాకు చదివి వినిపించింది. వినపడిందని చెప్పినా మళ్ళీ ఒకసారి చదివింది. తర్వాత ఎప్పుడో గోపన్‌పల్లి కమ్యూనిటీ హాలులో మధ్యాహ్నాలు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాక నేనే వెళ్ళి దాన్ని చదువుకున్నాను. వాహనాలకు నిమ్మకాయలు కట్టరాదు అని మాత్రమే ఉంది. గేటు రెక్క వంకర గురించి ఏమీ లేదు. అది ఇప్పటికీ వంకరగానే ఉంది.

నా భర్తను ఇంటికి తెచ్చాక సారు చూడటానికి వచ్చాడు. బత్తాయిలు తెచ్చాడు. మా గదిలో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

"నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను, కూర్చునే చూసుకో. ఈ గది నీదే. నేనున్నంత వరకూ ఎవరూ ఏమీ అనరు" అన్నాడు. తర్వాత నా వైపు చూపించి, "దాన్నేమీ అనకు. తెలియక చేసింది. తెలిసి ఎవరైనా కట్టుకున్నవాడి కాలు తీస్తారా?" అన్నాడు.

నా భర్త చేతులు జోడించాడు. సారు వెళ్ళాక గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నిజం జెప్తున్న. మేడమే ఆడ కట్టుమన్నది" అన్నాను.

"కట్టింది ఎవరు?"

"నేనే కట్టిన. గాని..."

"గంతే."

ఆ తర్వాత ఆయనకు అది ఒక మాటగా కుదిరిపోయింది. ఊరి నుంచి చుట్టాలు వస్తే లుంగీ పైకి లాగి కాలు చూపించేవాడు. "బండి దిష్టి తియ్యిమంటే నా కాలు తీసింది" అనేవాడు. వాళ్ళు నవ్వితే ఇంకొంచెం పెంచి చెప్పేవాడు. నా చెల్లెలి ముందు చెప్పాడు, దాని భర్త ముందు చెప్పాడు. నేను అన్నం వడ్డిస్తుంటే చెప్పాడు. పప్పులో నిమ్మకాయ పిండితే కంచం పక్కకు నెట్టేవాడు. "ఇంకో కాలు గూడ గావాల్నా?" అనేవాడు. మా గదిలోకి నిమ్మకాయ రావడం మానేసింది. జర్రంత పులుపు కోసం చింతపండే వాడేదాన్ని. పైన మూడో అంతస్తులో మాత్రం మేడంకు రోజూ పొద్దున్నే వేడినీళ్ళలో నిమ్మకాయ పిండి ఇచ్చేదాన్ని.

కారు బాగై వచ్చింది. ముందు భాగం కొత్తది వేశారు. నిమ్మకాయ లేదు, పసుపు లేదు, కుంకుమ చుక్క లేదు. ఆ నల్ల పలకను మేడం తనే రోజూ మెత్తటి గుడ్డతో తుడిచేది.

ఒక ఆదివారం నార్సింగిలో మేడం స్నేహితురాలి గృహప్రవేశం. సారు రానన్నాడు. గిన్నెలు మోయడానికి మనిషి కావాలి కాబట్టి మేడం నన్ను రమ్మంది. వెనక సీట్లో కూర్చున్నాను, కాళ్ళ మధ్య పులిహోర గిన్నె పెట్టుకుని. మేడం ఎక్కగానే చెప్పులు విప్పి పక్క సీటు కింద పెట్టింది. సర్వీసు మనిషి హీల్స్ మాట అన్నప్పటి నుంచి వట్టి కాళ్ళతోనే నడుపుతోంది.

నార్సింగి వైపు కొత్తగా వేసిన వెడల్పు రోడ్డు ఖాళీగా ఉంది. మేడం స్టీరింగ్ మీద ఏదో నొక్కి, స్పీడు పెట్టి, కాలు తీసేసింది. కాసేపు బాగానే పోయింది. ఏదో పాట కూడా పెట్టింది. ముందు దూరంగా ఒక నీళ్ళ ట్యాంకరు నెమ్మదిగా పోతోంది. దగ్గర పడుతున్న కొద్దీ మన బండి తగ్గుతుందని చూస్తున్నాను. తగ్గలేదు. మేడం కాలు పెట్టింది. అప్పుడు ఆ శబ్దం వచ్చింది. గేటు దగ్గర విన్నదే, గుర్రుమని. బండి ఎగిరి ముందుకు ఉరికింది.

నేను వెనక్కి పడి, లేచి రెండు సీట్ల మధ్య నుంచి ముందుకు వంగాను. ఆమె కాళ్ళు నాకు కనిపిస్తున్నాయి. కుడికాలు వెడల్పాటి పెడల్ మీద ఉంది. ఎడమకాలు కూడా తెచ్చి దాని మీదే వేసింది. రెండు కాళ్ళతో తొక్కుతోంది, వేళ్ళు తెల్లగా పాలిపోయాయి. పక్కనున్న సన్నటి పెడల్ మీద ఏమీ లేదు. బండి ఆగట్లేదు. ఏదో కాలుతున్న వాసన. మేడం "అమ్మా, అమ్మా" అంటూ ట్యాంకరును తప్పించి, గేరు కర్రను పట్టుకుని లాగింది. ఇంజను ఒంటరిగా అరుస్తుండగా బండి రోడ్డు దిగి, కొత్త బిల్డింగు కోసం పోసిన ఇసుక కుప్పలోకి ఎక్కి ఆగింది.

పులిహోర నా చీర మీద, సీట్ల మీద, అంతటా పడింది.

మేడం స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. తర్వాత వెనక్కి తిరిగి నా చెయ్యి పట్టుకుంది. "చూశావా అక్కా? నువ్వు చూశావు కదా? నా కాలు బ్రేకు మీదే ఉంది!"

"ఎడల్పుగ ఉన్నదే కద బ్రేకు?"

"అదే! అదే బ్రేకు!"

"చూసిన మేడం. రెండు కాళ్ళు దాని మీదనే ఉన్నయి."

"నేను పిచ్చిదాన్ని కాదు. ఇన్నాళ్ళూ నేనే తొక్కానేమో అని నాకే అనుమానం పట్టుకుంది. ఆయన మాటలకి, ఆ నవ్వులకి... ఇవాళ ఇంటికెళ్ళగానే ఆయనకి చెప్తాను. నువ్వూ చెప్పాలి."

"చెప్త మేడం. నిమ్మకాయలు గూడ లేకుండె ఇయ్యాల" అన్నాను.

ఆమె ముక్కు తుడుచుకుంటూ, "అవును. అవును, లేవు కదా" అంది. నా చెయ్యి వదలలేదు. ఆ ఇసుక కుప్ప మీద మేమిద్దరం కొంతసేపు అలాగే కూర్చున్నాం. నా మీద పడ్డది కడిగినట్టు అనిపించింది. ఆ పూటకు మా ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడొచ్చు అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వంటకు వెళ్తే మేడం వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"అక్కా, నిన్నటి సంగతి ఎవరి దగ్గరా అనకు."

"సారుకు జెప్పలేదా మేడం?"

"చెప్పాను. కారు అమ్మేద్దామన్నారు. ఒక పార్టీ కూడా ఉందట. ఇప్పుడీ మాట బయటికొస్తే ఎవరు కొంటారు?"

"మా ఆయనకన్న జెప్పుండ్రి మేడం. నిమ్మకాయలు కాదని, ఒక్క మాట."

ఆమె నిమ్మరసం గ్లాసు అందుకుంది. "చెప్తే ఏమొస్తుంది? ఆయన కాలు మళ్ళీ మునుపటిలా అవుతుందా?" అంది. తాగి, గ్లాసు సింకులో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేనే చెప్పాను. ఆయన గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు. మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. వట్టి కాళ్ళ సంగతి, వెడల్పాటి పెడల్ సంగతి, ఇసుక కుప్ప సంగతి. ఆయన కర్రతో నేల గీకుతూ విన్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

"అయిపోయింది."

"మస్తు కతలు నేర్చినవే. తప్పు జేసినోళ్ళకు కతలు బాగొస్తయి."

"ఒట్టు. నా కండ్లతోటి చూసిన."

"ఊకో ఇగ. సారు వింటడు."

కొనే మనిషి మియాపూర్ నుంచి వచ్చాడు. ఆఫీసు ఉద్యోగిలా ఉన్నాడు. వాళ్ళమ్మను వెంట తెచ్చుకున్నాడు, పెద్ద బొట్టు పెట్టుకున్న పెద్దావిడ. అప్పటికే ఒకసారి నడిపి చూసుకుని వెళ్ళాడట, ఆ రోజు తీసుకెళ్ళడానికి వచ్చాడు. సర్వీసు వాళ్ళు అంతా బాగుందని ఇచ్చిన కాగితం సారు చూపించాడు. పెద్దావిడ శాస్త్రం ప్రకారం కొబ్బరికాయ కొట్టాలని, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలని అంది. మేడం నన్ను పిలిచింది.

"అక్కా, కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు తీసుకురా."

"నిమ్మకాయలు వద్దని బోర్డు పెట్టిండ్రు కద మేడం."

"బోర్డు పెట్టింది కట్టడానికి. తొక్కించడానికి కాదు" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

పళ్ళెంలో తెచ్చి నిలబడ్డాను. కారు అప్పటికే పైకి తెచ్చి, గేటు లోపల, ఏటవాలు దాటాక ఉన్న చదును మీద పెట్టారు. నా భర్త గేటు దగ్గర కర్ర మీద ఆనుకుని ఉన్నాడు. పెద్దావిడ ఆయన కాలు చూసింది.

"అయ్యో, కాలికి ఏమైంది నాయనా?"

సారు ఫోను చూసుకున్నాడు. మేడం జుట్టు సర్దుకుంది. నా భర్త నేల చూశాడు.

"ఈ బండే అమ్మా" అన్నాను.

పెద్దావిడ నా వైపు తిరిగింది.

"ఈ బండే ఆయనను గేటుకు గుద్దింది. దానంతట అదే ఉరుకుతది. బ్రేకు తొక్కినా ఆగదు. మొన్న నార్సింగి కాడ గూడ ఉరికింది, నేను ఎనక సీట్ల కూసున్న. మేడం రెండు కాళ్ళు బ్రేకు మీద ఉండంగ ఉరికింది. మేడమును అడుగుండ్రి."

కొనే అతను మేడం వైపు చూశాడు. మేడం నన్ను చూసింది. ఇసుక కుప్ప మీద నా చెయ్యి పట్టుకున్న మనిషే. "ఏమోనండీ" అంది. "ఈవిడకి అప్పటి నుంచి మనసు బాగుండట్లేదు. మేమే సర్దుకుపోతున్నాం."

అతను నా భర్త వైపు తిరిగాడు. "ఏమన్నా, నిజమేనా?"

ఆయన తల ఎత్తాడు. సారును ఒకసారి చూశాడు. చుట్టాల ముందు నవ్వే ఆ నవ్వే నవ్వాడు.

"ఆడామె మాటలు పట్టుకోకుండ్రి సార్. బండికి దిష్టని నిమ్మకాయలు కట్టి, దాని కండ్లు మూసి, నా కాలు ఇరగ్గొట్టింది. ఇప్పుడు తప్పు తీస్కపోయి బండి మీద పెడుతున్నది. బండి బంగారం సార్. నేనే రోజు తుడిచేది."

కొనే అతను నవ్వాడు. సారు నవ్వాడు. నాలుగో అంతస్తు అబ్బాయి కూడా అక్కడే ఉన్నాడు, వాడూ నవ్వాడు. పెద్దావిడ మాత్రం నవ్వలేదు కానీ నా చేతిలోంచి పళ్ళెం తీసుకుంది. "నువ్వు పెట్టకులే అమ్మా" అంది. తనే వంగి, ఆయాసపడుతూ, నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది. కొబ్బరికాయ కొట్టారు. తల్లీ కొడుకులు బండెక్కారు. బండి ముందు జాలీకి ఏమీ లేదు. నల్ల పలక అద్దంలా మెరుస్తోంది, కన్ను తెరుచుకుని.

సారు గేటు వైపు చెయ్యూపాడు. నా భర్త రెక్క తెరిచాడు. అది మూసుకుపోతుంది కాబట్టి ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఎప్పటిలా వీపు ఆనించి నిలబడాలి.

ఇంజను మోగింది. నిమ్మకాయలు పగిలిన చప్పుడైంది. బండి కదిలింది.

ఆయన కర్ర కింద పడేశాడు. రాడ్లు వేసిన కాలు ఈడ్చుకుంటూ, నేను ఆ కాలితో అంత వేగం ఎప్పుడూ చూడలేదు, సిమెంటు స్తంభం వెనక్కి దూరాడు. ఒక్క చెయ్యి మాత్రం బయటికి చాచి గేటు రెక్కను పట్టుకున్నాడు. సలాం కొట్టలేదు. బండి బయటికి వెళ్ళి, మలుపు తిరిగి, చప్పుడు కూడా వినపడకుండా పోయేదాకా ఆ స్తంభం వెనకే ఉన్నాడు.

అందరూ బండినే చూస్తున్నారు. నేను ఆయనను చూస్తున్నాను. ఆయన బయటికి వచ్చి, నన్ను చూసి, నేను చూశానని తెలుసుకున్నాడు.

నేను వెళ్ళి కర్ర తీసి చేతికిచ్చాను. ఆయన తీసుకున్నాడు. పగిలిన నిమ్మకాయల వాసన ఆ పూటంతా గేటు దగ్గర ఉంది. చీపురు తెచ్చి ఊడ్చేశాను.